ఒకే లావు పుస్తకమా, పద్నాలుగు పుస్తకాల సిరీసా?

మా పిన్ని కూతురు పోయిన నెల ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఈ ఏడాది పెద్ద పుస్తకం ఒక్కటైనా పూర్తి చేయాలని ఉంది, టాల్‌స్టాయ్ వార్ అండ్ పీస్ మొదలుపెట్టనా, మా ఆఫీసులో అందరూ చెప్పుకుంటున్న ఫాంటసీ సిరీస్ ఏదైనా మొదలుపెట్టనా, అసలు వీటికి అంత టైం పెట్టడం దండగా?" అని. పది నిమిషాల్లో చెప్పేద్దామనుకున్నాను. గంట పట్టింది, అయినా సగమే చెప్పాను, ఈలోపు తనకి మీటింగ్ ఉందని పెట్టేసింది. మిగతా సగం ఇక్కడ.

ముందే ఒక మాట. నేను సాహిత్యం చదువుకున్నవాడిని కాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత కామర్స్, ఇప్పుడు రోజూ ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో పోయి వచ్చే ఉద్యోగం. చదివిందంతా ఆ మెట్రోలోనే, కాబట్టి నా సలహాలన్నీ సీటు దొరికినవాడి సలహాలు, సీటు దొరకనివాడి సలహాలు కూడా.

వార్ అండ్ పీస్ లాంటి పాత గొప్ప నవల క్లాసిక్, మాయలూ మంత్రాలూ ఉండే కల్పిత లోకం కథ ఫాంటసీ, అది పుస్తకం తర్వాత పుస్తకంగా సాగితే సిరీస్. క్లాసిక్ లావూ, సిరీస్ లావూ ఒకటి కాదు. రెండూ అటకెక్కించడానికి ఒకేలా బరువుగా ఉంటాయి కానీ మన దగ్గర తీసుకునేది వేరు. క్లాసిక్ అంటే రొక్కం పెట్టి ఒకేసారి కొన్న స్థలం. ఎన్ని గజాలో ముందే తెలుసు, హద్దులు తెలుసు, నచ్చకపోతే ఎంత నష్టమో కూడా తెలుసు. సిరీస్ అంటే చిట్టీ. నెలనెలా కడుతూ పోవాలి, మొదటి నాలుగు నెలలు బాగానే ఉంటుంది, అసలు ఫలం చివర్లో ఉంటుంది, అందుకని చేరేముందు చిట్టీ నడిపేవాడు ఊళ్లో ఉన్నాడా లేదా చూసుకోవాలి. ఈ ముక్క ఎవరూ చెప్పక నేను రెండు చిట్టీల్లో మునిగాను, అది కింద చెప్తాను.

లెక్క వేద్దాం, ఎందుకంటే టైం లేదు టైం లేదు అనుకోవడమే తప్ప ఎవరూ లెక్క వేయరు. ఇంగ్లిష్‌లో నేను గంటకు 25 పేజీలు చదువుతాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాది అంతే. వార్ అండ్ పీస్ ఎడిషన్‌ని బట్టి 1200 పేజీలు, అటూ ఇటూ. అంటే 48 గంటలు. ఎల్బీనగర్ మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున సీటు ఖాయం, అమీర్‌పేట దాకా అరగంట పైనే హాయిగా చదవొచ్చు. అమీర్‌పేటలో లైను మారాక ఆ తోపులాటలో పుస్తకం కాదు కదా, మన చెయ్యి ఎక్కడుందో మనకే తెలీదు. సాయంత్రం ఇంకో అరగంట ఎలాగో దొరుకుతుంది. రోజుకు గంట అనుకుంటే 48 పని దినాలు, రెండు నెలల పైచిలుకు. అంతే! ఇంతటి భయానికి ఇంతేనా అనిపించింది నాకు. అదే వీల్ ఆఫ్ టైం అనే ఫాంటసీ సిరీస్ తీసుకోండి, 14 పుస్తకాలు, ముందుకథ పుస్తకం ఒకటి అదనం. మొత్తం 10 వేల పేజీలు సులువుగా దాటుతుంది. 10 వేలే అనుకున్నా 400 గంటలు, ఇదే లెక్కన ఏడాదిన్నర, మధ్యలో వేరే పుస్తకం ముట్టుకోకుండా. ఏడాదిన్నరలో మనిషికి ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, పెళ్లి కూడా కావచ్చు.

అయితే ఫాంటసీ పేజీ త్వరగా తిరుగుతుంది, క్లాసిక్ పేజీ తిరగదు, ఇది నిజం. కానీ తిరగకపోవడానికి కారణం భాష కష్టం కావడం అనుకుంటారు చాలామంది. నా అనుభవంలో అసలు కారణం పేర్లు. వార్ అండ్ పీస్ మొదటి సీనే 1805 జులైలో పీటర్స్‌బర్గ్‌లో ఒక పెద్దింటి పార్టీ. పెళ్లికి వెళ్తే గుమ్మంలోనే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని "ఈయన ఫలానా, ఆవిడ ఫలానా వాళ్ల వియ్యపురాలు" అని ముప్పై మందిని ఒకేసారి పరిచయం చేసినట్టు ఉంటుంది. పైగా ఒకే మనిషికి మూడు పేర్లు. క్రైమ్ అండ్ పనిష్‌మెంట్‌లో రాస్కోల్నికోవ్, రొడియోన్ రొమానొవిచ్, రోడ్యా ముగ్గురూ ఒక్కడే అని నాకు యాభై పేజీలయ్యాక తెలిసింది. అప్పటిదాకా ఎవరో తమ్ముడనుకున్నాను.

తమాషా ఏమిటంటే ఈ విషయంలో మనకి ఇబ్బంది ఉండకూడదు. రికార్డుల్లో వెంకట సత్యనారాయణ, ఆఫీసులో సత్య, ఇంట్లో చిన్నోడు, ఊళ్లో ఫలానా ఇంటిపేరు వాళ్లబ్బాయి, నలుగురూ ఒక్కడే అని మనం పుట్టినప్పటి నుంచీ మోస్తూనే ఉన్నాం. రష్యన్ పేరులో నడిమి ముక్క తండ్రి పేరు. పెద్దవాళ్లతో, పరిచయం లేనివాళ్లతో మాట్లాడేటప్పుడు సొంత పేరూ ఆ ముక్కా కలిపి పిలిస్తే మన "గారు" లాంటి మర్యాద. చిన్న పేరుతో పిలిస్తే ఇంటి మనిషి. ఈ ఒక్కటి తెలిస్తే ఎవరు ఎవర్ని ఎప్పుడు ఏ పేరుతో పిలిచారన్నదాంట్లోనే సగం కథ అర్థమవుతుంది. పుస్తకం వెనక అట్ట లోపల పెన్సిల్‌తో పేర్లు రాసుకోండి, సిగ్గుపడకండి. నా కాపీలో రెండు పేజీలు నిండాయి.

రెండో విషయం, ఈ పాత నవలల్లో చాలా వాటిని ఎవరూ ఒక్క పట్టున చదవలేదు. ద కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో 1844 నుంచి 1846 దాకా పారిస్‌లో ఒక దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది. డికెన్స్ నవలలు చాలావరకు నెలకో భాగం చొప్పున వచ్చాయి. అంటే మన అమ్మలు, అత్తలు వారపత్రిక కోసం శుక్రవారం దాకా ఎదురుచూసి, పక్కింటావిడ దగ్గర ముందే తీసుకుని చదివేసి, ఆ నాలుగు పేజీల మీద వారమంతా మాట్లాడుకున్నారు చూడండి, అలా చదవడానికి రాసినవి. మనమేమో వాటిని సెలవుల్లో మూడు రోజులు కూర్చుని మింగేయాలని చూస్తాం, గొంతుకు అడ్డం పడుతుంది. వార్ అండ్ పీస్‌లో 360 దాకా చాప్టర్లున్నాయి, చాలావరకు నాలుగైదు పేజీలవే. రోజుకొకటి చదివితే ఉగాది నుంచి ఉగాదికి సరిపోతుంది. ఫాంటసీ చాప్టర్‌తో ఈ పని కుదరదు, అవి ముప్పై నలభై పేజీలు పోతాయి, మధ్యలో ఆపితే మర్నాడు ఎవరు ఏ కోటలో ఉన్నారో మళ్లీ వెనక్కి తిప్పి చూసుకోవాలి. మెట్రోకి క్లాసిక్, ఆదివారం మధ్యాహ్నానికి ఫాంటసీ అని నేను తేల్చుకున్నది ఇందుకే. విన్నవాళ్లు తారుమారుగా చెప్పానేమో అనుకుంటారు.

పేజీలు దాటేయడం గురించి కూడా అందరూ తిరగేసి చెప్తారు. క్లాసిక్‌లో ఒక్క వాక్యం వదలకూడదు, ఫాంటసీ అయితే గబగబా తిప్పేయొచ్చు అంటారు. చేసి చూశాను, తలకిందులు. లే మిజరబ్ల్‌లో హ్యూగో ఉన్నట్టుండి కథ ఆపేసి 1815 నాటి వాటర్లూ యుద్ధం మీద 19 చాప్టర్లు రాస్తాడు, హీరో జాఁ వాల్‌జాఁ అందులో లేడు. కథకు కావలసింది ఆఖరి చాప్టర్‌లో ఉంది, అది మాత్రం చదవండి. మిగతావి దాటేస్తే కథ తెగదు. తర్వాతెప్పుడో వెనక్కి వచ్చి చదివితే ఎందుకు పెట్టాడో తెలుస్తుంది, నేను రెండేళ్ల తర్వాత వచ్చాను. మోబీ డిక్‌లో తిమింగలాల జాతుల వర్గీకరణా అంతే. వార్ అండ్ పీస్‌లో రెండో ఎపిలోగ్, అంటే చివరి ముగింపు భాగం, పూర్తిగా చరిత్ర మీద చర్చ, మనుషుల కథ దానికి ముందే అయిపోతుంది. కానీ ఫాంటసీలో మొదటి పుస్తకంలో వంటింట్లో ముసలావిడ చెప్పిన పాట ఒకటి బోర్ కొడుతోందని తిప్పేశారో, నాలుగో పుస్తకంలో అందరూ ఉలిక్కిపడే చోట మీరొక్కరే ఏమైందంటూ చూస్తారు. అక్కడ ప్రతి ముక్కా తాళమో తాళంచెవో. క్లాసిక్‌లో దాటేస్తే కథ మిగులుతుంది కానీ రుచి పోతుంది. ఫాంటసీలో దాటేస్తే కథే పోతుంది.

ఇక చిట్టీ సంగతి. ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్ అనే ఫాంటసీ సిరీస్ మొదటి పుస్తకం 1996లో, అయిదోది 2011లో. ఇది రాసే నాటికి ఆరోది రాలేదు. దాన్నుంచి తీసిన టీవీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2019లోనే ముగిసిపోయింది, పుస్తకం చదివినవాళ్లం ఇంకా మంచు గోడ దగ్గరే నిలబడి ఉన్నాం. కింగ్‌కిల్లర్ క్రానికల్ అనే ఇంకో ఫాంటసీ సిరీస్ రెండో పుస్తకమూ 2011లోనే వచ్చింది, మూడోది లేదు. నేను మునిగానన్న చిట్టీలు ఈ రెండే. రాసింది బాగోలేదని కాదు, బాగుండబట్టే మంట. వీల్ ఆఫ్ టైం సంగతి వేరు, 1990లో మొదలుపెట్టిన రాబర్ట్ జోర్డన్ 2007లో పోయారు, ఆయన వదిలిన నోట్స్ పెట్టుకుని బ్రాండన్ శాండర్సన్ ఆఖరి మూడు పుస్తకాలు రాసి 2013లో పూర్తి చేశారు. ఆ చిట్టీ తీరింది, అదొక గొప్పే. కానీ మధ్యలో, ముఖ్యంగా పదో పుస్తకం దగ్గర, కథ నత్తనడక నడుస్తుందని ఆ సిరీస్‌ను ప్రేమించేవాళ్లే ఒప్పుకుంటారు. నేను ఎనిమిదిలోనే దిగిపోయాను. నాకేం బాధ లేదు, మొదటి నాలుగూ మళ్లీ చదవమన్నా చదువుతాను.

అందుకని నా నియమం: సిరీస్ ముగిసిందా లేదా చూడు, ముగియకపోతే మొదటి పుస్తకం ఒక్కటే చదివి ఆపినా కడుపు నిండుతుందా అని చదివినవాళ్లని అడుగు. రెండింటికీ కాదని జవాబు వస్తే జోలికి పోకు. కొత్తవాళ్లకి శాండర్సన్ సొంత సిరీస్ మిస్ట్‌బార్న్ మొదటి మూడూ నయం, 2006 నుంచి 2008 లోపు మూడూ వచ్చి కథ పూర్తయింది. ఇంకా చిన్నది కావాలంటే అర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ, రెండు వందల పేజీలు ఉంటుందేమో. మాంత్రికుల బడి కథ అంత తక్కువ మాటల్లో చెప్పొచ్చా అనిపిస్తుంది. ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌ని అందరూ సిరీస్ అంటారు కానీ అది ఒకే నవల, యుద్ధం తర్వాత కాగితం ఖరీదు వల్ల 1954, 55లో మూడు భాగాలుగా వేశారు. కాబట్టి దాన్ని క్లాసిక్ లెక్కలోనే వేయండి, వెయ్యి పేజీలు, 40 గంటలు. మొదటి వంద పేజీలు పుట్టినరోజు విందూ, నడకా, పాటలూ. సినిమా చూసి వచ్చినవాళ్లు అక్కడే పారిపోతారు. ఓపిక పట్టండి, లేదంటే ముందు దాని ముందుకథ ద హాబిట్ చదివి రండి.

క్లాసిక్‌లో మొదటిసారి అయితే వార్ అండ్ పీస్ వద్దనే చెప్తాను, మాంటే క్రిస్టో చదవండి. అమాయకుడిని నిశ్చితార్థం విందులోంచి లాక్కెళ్లి 14 ఏళ్లు సముద్రం మధ్య కోటలో పడేస్తారు, బయటికొచ్చి ఒక్కొక్కడి లెక్కా తేలుస్తాడు. మన తెలుగు సినిమా చూసి పెరిగినవాడికి ఇంతకంటే ఏం కావాలి. 1200 పేజీలు దాటినా బరువు తెలీదు.

కానీ కొనేటప్పుడు జాగ్రత్త. నేను ఒక షాపులో లే మిజరబ్ల్ సీలు కవరుతో కొన్నాను. మూడు వారాల్లో పూర్తి చేసి, ఆఫీసులో టీ తాగుతూ పెద్ద గొప్పగా చెప్పాను. ఒకాయన "మురుగు కాలవల మీద రాసిన భాగం ఎలా ఉంది?" అన్నాడు. నా పుస్తకంలో అది లేనే లేదు. ఇంటికెళ్లి చూస్తే లోపల చీమ తలకాయంత అక్షరాల్లో సంక్షిప్తం అని ఉంది. అప్పటి నుంచి ముందు పేజీలు లెక్కపెడతాను. మాంటే క్రిస్టో అయిదు వందల పేజీల్లో కనిపిస్తే అది పూర్తి పుస్తకం కాదు, ఎంత అందంగా ఉన్నా పెట్టేయండి.

రష్యన్‌వి అయితే అనువాదం ఎవరిదో కూడా చూడాలి. వార్ అండ్ పీస్‌లో పెద్దింటివాళ్లు ఫ్రెంచ్‌లో మాట్లాడుకుంటారు. పెవియర్, వొలొఖోన్‌స్కీ దంపతులు 2007లో చేసిన అనువాదంలో ఆ ఫ్రెంచ్ అలాగే ఉంచి కింద ఇంగ్లిష్ ఇచ్చారు. అసలుకు దగ్గర, కానీ మెట్రో కుదుపులో మాటిమాటికీ కిందికీ పైకీ చూడటం నా వల్ల కాలేదు. లూయిస్, ఎయిల్మర్ మాడ్ దంపతుల పాత అనువాదంలో ఆ తంటా చాలావరకు లేదు, పైగా కాపీరైట్ తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ఫోన్లో పడేసుకోండి. ఆడియో పుస్తకం అయితే 60 గంటలు, క్యాబ్‌లో తిరిగేవాళ్లకి పనికొస్తుంది, నాకు మాత్రం పేర్లు వింటే గుర్తుండవు.

కాగితమే కావాలంటే ఆదివారం పొద్దున అబిడ్స్. షాపులు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు. క్లాసిక్స్ గుట్టలుగా దొరుకుతాయి, బేరం వస్తే ఇరానీ చాయ్ ఖర్చు కూడా మిగుల్తుంది. సిరీస్ కోసం మాత్రం అక్కడికి పోకండి. మూడోదీ అయిదోదీ దొరుకుతాయి, మొదటిది ఈ జన్మలో దొరకదు, దొరికితే రెండోది ఉండదు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో తెలుగు నవలలు బాగానే ఉన్నాయి. కూర్చోవడానికి మాత్రం గ్రూప్స్‌కి చదివే పిల్లలతో పోటీ పడలేం, తెచ్చుకుని ఇంట్లో చదవాల్సిందే.

ఇంతసేపూ ఇంగ్లిష్‌వే చెప్పాను కానీ మా చెల్లికి చివరికి చెప్పింది వేరు. గంటకు పాతిక పేజీల ఇంగ్లిష్‌తో కుస్తీ పట్టే ముందు, గంటకు నలభై పేజీలు నడిచే భాషలో లావు పుస్తకం ఒకటి చదివి చూడు, లావుకి భయపడుతున్నావో ఇంగ్లిష్‌కి భయపడుతున్నావో తేలిపోతుంది అని. వేయిపడగలు విశ్వనాథ వారు 1934లో, తమ్ముడు రాస్తుంటే చెప్తూ, 29 రోజుల్లో పూర్తి చేశారంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అడివి బాపిరాజు నారాయణరావుతో కలిపి బహుమతి పంచుకుంది. పీవీ నరసింహారావు దాన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చారు. నేను రెండుసార్లు మధ్యలో వదిలి మూడోసారి పూర్తి చేశాను. మొదటి వంద పేజీలు భాష అడ్డం పడుతుంది, తర్వాత అదే మోసుకెళ్తుంది. గిరిక నాట్యం వచ్చే చోట మలక్‌పేటలో దిగాల్సిన పని ఉండి దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయాను. ఆయన వర్ణవ్యవస్థను వెనకేసుకొచ్చే తీరు నాకు అస్సలు పడదు, పేజీ మార్జిన్‌లో పోట్లాడుతూనే చదివాను. అందుకే దాంతోపాటు ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి కూడా పెట్టుకోమంటాను. 1922లో వచ్చింది, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పల్లెను ఒకాయన గుడి వైపు నుంచి చూస్తే ఇంకొకాయన మాలపల్లె వైపు నుంచి చూశాడు. రెండూ చదివితేనే ఊరు పూర్తిగా కనిపిస్తుంది.

ఫాంటసీ సిరీస్ మనకి కొత్త అనుకోవడమూ పొరపాటే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ వెంట పశులకాపరి కుర్రాడిని తీసుకెళ్తాడు, మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలని ఒప్పందం. ఎక్కడ ఆపినా అప్పు మిగలదు, చిట్టీ కానే కాదు. ఇక చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్, 1954లో తోకచుక్కతో మొదలై జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, మాయాసరోవరం. వడ్డాది పాపయ్య అట్ట, లోపల చిత్రా బొమ్మలు. నెలకు నాలుగైదు పేజీలు చదివి, సరిగ్గా మొసలి నోరు తెరిచిన చోట ఆపేస్తే నెలంతా ఓర్చుకున్నాం. అంతటి శిక్షణ పొందినవాళ్లం పద్నాలుగు పుస్తకాలకి జంకడం ఏమిటి?

ఎప్పుడు వదిలేయాలి అని చెల్లి చివర్లో అడిగింది. క్లాసిక్ అయితే నూటయాభై పేజీలు. అప్పటికి పేర్లు కుదురుకుంటాయి, అప్పటికీ ఒక్క మనిషి మీద కూడా మనసు పడకపోతే మూసెయ్, ఐదేళ్లయ్యాక మళ్లీ చూడు. సిరీస్ అయితే మొదటి పుస్తకం పూర్తయ్యాక రెండోది వెంటనే కొనకు, వారం ఆగు. ఆ వారంలో స్నానం చేస్తూనో సిగ్నల్ దగ్గరో ఆ మనుషులు ఏమయ్యారో అని ఒక్కసారైనా అనిపిస్తే కొను. మొత్తం సెట్టు డిస్కౌంట్‌లో వచ్చిందని ముందే తెచ్చుకుంటే అది బీరువాలో పెళ్లి చీర.

తను మాంటే క్రిస్టో మొదలుపెట్టింది, నిన్నటికి 310వ పేజీ. నేను ఈ ఆదివారం అబిడ్స్ వెళ్తున్నాను. వీల్ ఆఫ్ టైం తొమ్మిదో భాగం ఎవరికైనా కావాలంటే చెప్పండి, అక్కడ మూడు కాపీలు చూశాను. మీకెవరికైనా తోకచుక్క వచ్చిన నాటి పాత చందమామలు కనిపిస్తే మాత్రం బేరం ఆడకుండా తీసేసుకోండి, డబ్బులు నేనిస్తాను.